మిద్దె గదిలో అక్షరాభ్యాసం

మిద్దె గది ఎందుకు అద్దెకిచ్చావని మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ ఒకేసారి అడిగారు. సెలవులకు వస్తే ఎక్కడ పడుకోవాలని చిన్నదాని దిగులు. మీ నాన్న పక్కనుంచి ఫోను లాక్కుని, "అవ్వకు మెట్లెక్కేది కష్టంగా ఉండాది, అందుకే" అన్నాడు. మెట్లెక్కడం కష్టమే. కానీ గది ఇచ్చేయడానికి కారణం అది కాదు. అసలు సంగతి మీకు చెప్పొద్దని మీ నాన్న నాకు రెండేళ్ళుగా చెబుతున్నాడు. ఒకరికి పందొమ్మిది, ఒకరికి పదిహేడు. ఇంకెప్పుడు చెప్పాలో ఆయనే చెప్పాలి.

మీకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇది మీ అమ్మ చదివి వినిపించాలి. మధ్యలో గొంతు సర్దుకుని పేజీ తిప్పేస్తే, ఏం వదిలేశావని అడగండి.

ముందు మన తెలుగు గురించి చెప్పాలి. అది తెలియకపోతే మేమంతా ఒక్కసారిగా ఎలా మతి పోగొట్టుకున్నామో మీకు అర్థం కాదు. మీ తాత వాళ్ళు ఎన్ని తరాల కిందట పుదుచ్చేరి వచ్చి గిన్నెల కొట్టు పెట్టారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో తెలుగన్న మాటే లేదు. మీ తాత రోజంతా తెలుగు మాట్లాడేవాడు గానీ ఒక్క అక్షరం చదవలేకపోయేవాడు. ఒకసారి పెళ్ళి పత్రిక తలకిందులుగా పట్టుకుని, బాగా అచ్చేసినారే అన్నాడు. మన వీధిలో అందరూ అంతే. నేను చిత్తూరు వైపు నుంచి కోడలిగా వచ్చాను, ఎనిమిదో తరగతి దాకా చదివాను. అందుకని బంధువుల ఉత్తరాలు, పెళ్ళి పత్రికలు, పంచాంగం, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. కళ్ళజోడు పెట్టుకుని చదివి వినిపించడం నా పని. నేర్పిస్తాను రండి అని యాభై ఏళ్ళు పిలిచాను. ఒక్కరూ రాలేదు. చదివి పెట్టే మనిషి ఇంటి ముందే ఉంటే నేర్చుకునే బాధ ఎవరికి కావాలి?

ఆంధ్రాకు పోతే మనల్ని అరవోళ్ళంటారు. ఇక్కడ మనం తెలుగోళ్ళం. తిరుపతిలో క్యూలో నిలబడి మీ తాత ఏదో అడిగితే, ముందున్నవాళ్ళు ఆ యాసకు నవ్వారు. ఆయన ఆ రోజంతా మళ్ళీ నోరు తెరవలేదు. ఈ చిన్నతనం మా అందరిలోనూ ఉంది. అలాంటి మా మధ్యకు కాషాయం కట్టుకున్న మనిషి ఒకాయన ఆంధ్రా నుంచి వచ్చి, గంటసేపు ఆగకుండా ముత్యాల్లాంటి తెలుగు మాట్లాడి, మా తెలుగుకు నవ్వకుండా, "మీరు భాషను కడుపులో పెట్టుకుని కాపాడారమ్మా" అన్నాడు. అంతే. మా తెలుగు సంఘం హాల్లో ఆడామగా అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

అప్పటినుంచి ఏటా కార్తీకంలో పదిరోజులు వచ్చేవాడు. మిద్దె గదికి బయటనుంచి మెట్లున్నాయి కాబట్టి మన ఇంట్లోనే బస. మీ తాత పోయాక కూడా ఆ ఏర్పాటు మారలేదు. సంఘానికి పెద్ద మీ చిన్నతాత, అంటే నా మరిది. ఆయనకు అదొక గర్వం. పొద్దున్నే స్వామి వైట్ టౌన్ దాటి బీచ్ రోడ్డు మీద నడకకు పోతే, వెనకాల తువ్వాలు పట్టుకుని మీ చిన్నతాత పోయేవాడు. డెబ్బై ఏళ్ళ మనిషి.

ఆ రోజుల్లో కింద వాటాలో యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గవర్నమెంటు ఉద్యోగిని అద్దెకుండేది. స్వామి ఉపన్యాసానికి ఒకసారి వచ్చి, సగంలో లేచి వచ్చేసింది. ఏం, నచ్చలేదా అని అడిగాను.

"బాగానే ఉందండీ. మా యానాం బస్టాండు కాడ అరటిపళ్ళమ్మే ఆయన కూడా ఇలాగే మాట్లాడతాడండీ. ఆయనకి ఎవరూ కాళ్ళు కడగరు మరి."

ఈమెకు భక్తి లేదు అనుకున్నాను. ఆమెతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే విసుగు. మా అందరిలోకీ చెవులు సరిగా పనిచేసింది ఆమె ఒక్కదానికే. తెలుగు ఎక్కువైన చోట పుట్టింది కాబట్టి దానికి మోసపోలేదు. మేము కరువులో ఉన్నాం. మంచి తెలుగు మాట్లాడేవాడు మంచివాడని లెక్కేసుకున్నాం.

ఇక ఆ పిల్ల సంగతి. ఎదురింటి గాజుల కొట్టువాళ్ళ అమ్మాయి. అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఊరి చివర మేట్టుపాళయంలో మందుల కంపెనీలో క్వాలిటీ చెకింగ్ ఉద్యోగం. నీలం కోటు సంచిలో పెట్టుకుని పొద్దున్నే కంపెనీ బస్సెక్కేది. ఆ కంపెనీకి ఆంధ్రాలో ఇంకో ఫ్యాక్టరీ ఉంది. అక్కడికి ప్రమోషన్ మీద పంపిస్తామన్నారట, తెలుగు చదవడం రాయడం వస్తే. ఒక ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అవ్వా, నాకు తెలుగు నేర్పిస్తావా? మూడు నెలల్లో వస్తాదా?"

యాభై ఏళ్ళలో మొదటి శిష్యురాలు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అయినా ఏమన్నానో వినండి. "నా చేత్తో మొదలు పెట్టకూడదు లేమ్మా. ముండమోసిన చెయ్యి. స్వామి వస్తా ఉండాడు గదా, ఆయన చేత తొలి అక్షరం పెట్టించుకో. తరువాత నేను నేర్పిస్తా."

ఆ మాట ఎవరూ నా చేత అనిపించలేదు. వాళ్ళమ్మ అనలేదు, మీ చిన్నతాత అనలేదు. నేనే అన్నాను. ఆ పిల్ల నవ్వి, "నీ చెయ్యికేమి అవ్వా, బాగానే ఉండాదే" అంది. నేనే పట్టుపట్టి ఒప్పించాను.

మన వాళ్ళలో పిల్లలకు అక్షరాభ్యాసం ఎలా చేస్తారో మీకు తెలుసు. పళ్ళెంలో బియ్యం పోసి, పసుపుకొమ్ము పిల్లల చేతికిచ్చి, పెద్దవాళ్ళు ఆ చెయ్యి పట్టుకుని బియ్యంలో రాయిస్తారు. మీ ఇద్దరికీ అలాగే చేశాం. స్వామి ఏటా సంఘం హాల్లో పిల్లలకు చేయించేవాడు. ఆ ఏడు, పెద్ద ఆడపిల్లలు కూడా కొందరు నేర్చుకుంటామంటున్నారని చెప్తే, ఆయన కాసేపు ఆలోచించి, "పసిపిల్లల మధ్య కూర్చుంటే వీళ్ళకు సిగ్గుగా ఉంటుంది. విడివిడిగా గదికి పంపండి" అన్నాడు. ఎంత సున్నితమైన మనసో అని హాలంతా మెచ్చుకుంది. తలుపు వేసి ఉండాలి, అక్షరం లోపలికి పోయేటప్పుడు చూపు చెదరకూడదు అన్నాడు. దానికీ తలలూపాం. నేర్పించడానికి తలుపు వేయాల్సిన అక్షరం ఏదో ఒక్కరం అడగలేదు. చదవడం వచ్చినదాన్ని, నేనూ అడగలేదు.

ఆదివారం సాయంకాలం నాలుగు గంటలు. నేనే ఆ పిల్లను మెట్లదాకా తీసుకుపోయాను. పళ్ళెంలో బియ్యం నేనే పోసిచ్చాను. మెట్ల కింద కుర్చీ వేసుకుని మునగాకు దూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలైంది. పైనుంచి "అవ్వా" అని పిలుపు వినపడింది.

గట్టిగా కాదు. మామూలుకన్నా కొంచెం పైకి. వీధిలో ఐస్ బండి పోతోంది, అయినా స్పష్టంగా వినపడింది. నేను ఆకు దూస్తూనే, తల కూడా ఎత్తకుండా, "అయిపోయిందా? అయ్యేదాకా కూర్చో తల్లీ" అన్నాను.

తరువాత పళ్ళెం పడిన చప్పుడు. ఆ పిల్ల మెట్లు దిగి వచ్చింది. చున్నీ మీద, జుట్టులో బియ్యపు గింజలు. నా వైపు చూడకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ చెప్పులు తీసుకుని వెనకాలే పోయాను. ఎందుకనుకున్నారు? తిట్టడానికి. "గురువు దగ్గరనుంచి అట్టా లేచి వస్తారామ్మా? ఆయన ఏమనుకుంటాడు?" అన్నాను. బాత్రూం తలుపు అవతలనుంచి నీళ్ళ చప్పుడు వినపడింది.

అక్కడితో ఆగలేదు. మిద్దెక్కి స్వామికి క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వాడు. "బెదిరిందమ్మా. అక్షరానికి అంత శక్తి ఉంది మరి" అన్నాడు. కింద పడిన బియ్యం ఒక్కో గింజా ఏరి, అక్షరాభ్యాసం బియ్యం పారేయకూడదని ఆ రాత్రికి పొంగలి చేసి వీధిలో నాలుగిళ్ళకు పంచాను. ఎదురింటికి కూడా పంపాను. గిన్నె తిరిగొచ్చింది, ముట్టుకోకుండా.

స్వామి వెళ్ళిపోయాడు. మూడు వారాలు ఆ పిల్ల నా గడప తొక్కలేదు. షిఫ్టులు మారి ఉంటాయనుకున్నాను. ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చి వంటింట్లో నేలమీద కూలబడింది. నన్ను అత్తా అని పిలుస్తుంది.

"అత్తా, అది అన్నం తినేది లేదు. ఏంది ఏంది అని అడిగి అడిగి, రాత్రి చెప్పింది. ఆ సామి..." అని ఆగిపోయింది.

ఆ పిల్ల వాళ్ళమ్మతో చెప్పినదంతా నేను మీకు చెప్పను. అది ఆమెది, ఆమె చెప్పాల్సిన చోట చెప్పింది. ఇంతమాత్రం తెలిస్తే చాలు. రాయించడానికి పట్టుకున్న చెయ్యి చేతి దగ్గర ఆగలేదు. ఆమె వద్దంది. లేచి రాబోతే అడ్డం నిలబడి ఒడిసి పట్టుకున్నాడు. అప్పుడు నన్ను పిలిచింది. నేను జవాబు చెప్పడం ఆయన కూడా విన్నాడు. పైకి రావడం లేదని ఆయనకు తెలిసిపోయింది. పళ్ళెం ఎత్తి ఆయన మొహాన కొట్టి బయటపడింది.

నన్ను పిలిచిన సంగతి మాత్రం ఆ పిల్ల వాళ్ళమ్మకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మంచినీళ్ళిచ్చి, "పోలీసులకు చెప్పాల" అన్నాను. అంతవరకే నోరు వచ్చింది.

తరువాతి శనివారం భజనలో అన్నదానానికి కూరలు తరుగుతూ, ఊరికే ఒక మాట వేశాను. స్వామి ఆడపిల్లల చెయ్యి పట్టుకునేది నాకు సరిగా తోచలేదు అన్నాను. నలుగురైదుగురం ఉన్నాం. బీన్సు తరుగుతున్న ఒకామె తలెత్తకుండా అంది.

"పోయిన యేడు నా వీపంతా నిమిరినాడు వదినా. ఆశీర్వాదం అనుకుంటి."

"మరి చెప్పలేదేమే?"

"ఏమని చెప్పేది? ఆశీర్వాదమైతే, చెప్పేది పాపం గదా."

ఇంకొకామె కత్తిపీట పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయి చాలాసేపు రాలేదు. తక్కినవాళ్ళు సాంబారులో చింతపండు ఎక్కువైందా తక్కువైందా అన్న మాటల్లో పడ్డారు. నాకు సాంబారు గరిటె తీసుకుని ఎవరినైనా కొట్టాలనిపించింది. ఎవరినని? అందరికంటే ముందు కొట్టాల్సింది నన్నే.

ఎదురింటివాళ్ళు పోలీసులకు చెప్పబోతున్నారని మీ చిన్నతాతకు ఎలాగో తెలిసింది. రెండో రోజే ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. స్వామి ఆశ్రమం వాళ్ళు వాట్సాప్‌లో పంపితే ప్రింటు తీయించాడట. తెలుగులో టైపు చేసి ఉంది.

"వదినా, ఏదో తప్పుగా అర్థమైపోయింది, రెండు పక్కలా మరిచిపోదాం అని రాసినారు. సుమ్మా, ఊరికే ఒక్క సంతకం. ఆ పిల్ల నువ్వు చెప్తే వింటాది. రేపు సాయంత్రం హాలుకు తీసుకునిరా. వాళ్ళ కొట్టుకు, మన సంఘానికి, అందరికీ మంచిది."

"నువ్వు చదివినావా?"

"నేను యాడ చదివేది? ఆశ్రమం వాళ్ళు చెప్పినారు."

కాగితం నాకివ్వమంటే, రేపు హాల్లోనే చూడొచ్చులే అని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తలచుకుంటే ఒకటే లెక్క తేలింది. గదిలో ఇద్దరే ఉన్నారు. ఆయన జరగలేదంటాడు, ఈమె జరిగిందంటుంది. ఆయన వెనక హాలంతా ఉంది. ఈమె వెనక గాజుల కొట్టు ఉంది. ఈ పిల్ల మాట నిలబడాలంటే బయటనుంచి ఇంకెవరో ఏదో విని ఉండాలి. విన్నది నేనొక్కదాన్నే. చెప్తే, విని కూడా కదలని మనిషిని అని వీధికంతా తెలుస్తుంది. చెప్పకపోతే ఆ పిల్ల అబద్ధాలకోరు అవుతుంది. మీ అవ్వ చాలా మంచిదని మీరు మీ స్నేహితులతో అంటారట కదా. ఆ రాత్రంతా నేను లెక్కేసుకున్నది ఆ మంచితనం గురించే.

మరుసటి రోజు హాల్లో పదిమంది పెద్దలు, ఆ పిల్ల, వాళ్ళమ్మ, నేను. ఆ పిల్ల కంపెనీ నుంచి నేరుగా వచ్చింది, కోటు కూడా తీయలేదు. మీ చిన్నతాత పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. కాగితం నేను అందుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను.

"చదివి వినిపిస్తా. నాకు ఈ వీధిలో ఉండే పని అదే గదా" అన్నాను.

చదివాను. అది మంచి తెలుగు. ఒక్క తప్పు లేదు. ఆ పిల్లకు మానసికంగా స్థిమితం లేదని, దురుద్దేశంతో స్వామివారి మీద అపవాదు వేసిందని, ఇకముందు ఏ పోలీసు దగ్గరా ఏ కోర్టులోనూ ఈ మాట ఎత్తనని ఒప్పుకుంటోందని, స్వామివారి పాదాల మీద పడి క్షమాపణ వేడుకుంటోందని ఉంది. అందులో సగం మాటలు హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. అందుకని ఒక్కో వాక్యం ఆపి, మన ఇంటి తెలుగులో మళ్ళీ చెప్పాను. "పిచ్చిదంట. అబద్ధం చెప్పిందంట. కాళ్ళమీద పడతా ఉండాదంట."

మీ చిన్నతాత మొహం పాలిపోయింది. ఆయన నిజంగానే ఎరగడు, ఆ మాట చెప్పాలి. కాగితం వైపు కాసేపు చూశాడు. తరువాత ఏమన్నాడో వినండి, నేను ఇప్పటికీ తలుచుకుని తల పట్టుకుంటాను.

"ఇట్టా రాస్తారని నాకు తెలీదు వదినా. కానీ సరే, సంతకం పెట్టేసేయని. బీరువాలో పెట్టేస్తాం. తెలుగు కదా, ఇక్కడ ఎవరు చదవబోతారు?"

ఒకరిద్దరు తలలూపారు కూడా. వాళ్ళు దుర్మార్గులు కారు. అదే కష్టం. దుర్మార్గులైతే ఇంత విసుగు వచ్చేది కాదు. ఆ పిల్లకు జ్వరం వస్తే రాత్రికి రాత్రి ఆసుపత్రికి మోసుకుపోయే మనుషులే. కానీ గురువు పరువు అనే మాట వచ్చేసరికి అందరికీ ఒకేసారి మతి పోయింది.

"జరిగిందని ఎవరు చూసినారు?" అన్నాడొక పెద్దాయన. "తలుపేసి ఉండాది గదా."

"చూళ్ళేదు. విన్నా" అన్నాను.

కాగితం ఒళ్ళో పెట్టుకున్నాను. "నేను మెట్ల కింద కూర్చోని ఉంటిని. అవ్వా అని పిలిచింది. నాకు వినపడింది. నేను పోలేదు."

వాళ్ళమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపు మీకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా రోజూ చూసే మొహం.

"వినపడిందా అత్తా?"

నేను తలూపాను. ఆ పిల్ల అంతవరకూ కాగితం వైపే చూస్తూ ఉంది. అప్పుడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "నాకు తెలుసు మా. అవ్వ బదులు కూడా పలికింది. అయ్యేదాకా కూర్చోమని."

ఇన్నాళ్ళూ ఆ మాట కడుపులో పెట్టుకుంది. వాళ్ళమ్మకు చెప్పలేదు. నన్ను కాపాడిందో, నా మీద అసహ్యం వేసి నా ఊసే ఎత్తలేదో, నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగే ధైర్యం లేదు. పెన్ను మీ చిన్నతాత వైపు జరిపి, లేచి, "అమ్మా, పోదాం రా" అంది. గుమ్మం దగ్గర ఆగి నా కోసం చూసింది. నేనూ లేచాను.

మహిళా పోలీస్ స్టేషన్‌లో ఎవరిని కలవాలో, ఏ మాట ముందు చెప్పాలో యానాం ఆమె చెప్పింది. ఒకరోజు సెలవు పెట్టి మాతో వచ్చింది కూడా. నేను వారం రోజులు మొహం ముడుచుకున్న సంగతి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. దారిలో ఆటోలో ఒక్కమాట అంది. "మీరు విన్నది విన్నట్టు చెప్పండి చాలండీ. దానికి ముందూ వెనకా మీరేమీ కలపొద్దు. కలిపితే ఆయన తరఫు వకీళ్ళు దాన్నే పట్టుకుని లాగేస్తారండీ."

స్టేషన్‌లో ఎస్సై అమ్మ మంచిది. అందరూ అడిగేదే ఆమే అడిగింది, నెల రోజులు ఎందుకు ఆగినారని. ఆ పిల్ల, "ఎవరు నమ్ముతారని ఆగినా మేడం" అంది. ఎస్సై అమ్మ రాయడం ఆపి నా వైపు చూసింది. నేను విన్నది చెప్పాను. కలపకుండా.

ఆ సాయంత్రం మీ నాన్న ఫోను.

"అమ్మా, చిన్నాన్న చెప్పినాడు. ఈ వయసులో నీకు స్టేషను, కోర్టు అవసరమా? ఆ పిల్ల కేసు ఆ పిల్ల పెట్టుకోనీ. నువ్వెందుకు మధ్యలో?"

"నేను మధ్యలో లేనురా. మెట్ల కిందనే ఉన్నా. అదే తప్పు."

"మన ఇంటి పేరు పేపర్లో వస్తే?"

"వస్తే నువ్వు చదవలేవులే. తెలుగు పేపరు" అన్నాను. నవ్వలేదు. పాపం, భయపడ్డాడు. మీ నాన్న చెడ్డవాడు కాడు. కానీ మన ఇంట్లో మగవాళ్ళు పరువనే మాటను, పెళుసు గాజుగిన్నె పట్టుకున్నట్టు, రెండు చేతులా పట్టుకుని తిరుగుతారు. ఇంక ఏ పనికీ చేతులు ఖాళీ ఉండవు.

స్వామిని పట్టుకున్నారు, బెయిలు మీద వదిలారు. ఎక్కడో ఇంకో ఊళ్ళో మళ్ళీ ఉపన్యాసాలు చెబుతున్నాడని విన్నాను. సంఘంలో సగంమంది నాతో మాటలు మానేశారు. పెళ్ళి పత్రికలు చదివించుకోవడానికి మాత్రం వస్తారు. చదివించుకుని, కాఫీ తాగకుండా పోతారు. పూజగదిలోనుంచి ఆయన ఫోటో తీయనివాళ్ళు చాలామంది. తీసేస్తే ఇన్నేళ్ళూ పెట్టిన దండాలు ఏమైపోతాయని ఒకామె అడిగింది. మిద్దె గది నేను శుభ్రం చేయించి, ఇద్దరు నర్సింగ్ చదివే ఆడపిల్లలకు ఇచ్చేశాను. మీరు వస్తే కింద నా పక్కనే పడుకోండి.

బీన్సు తరిగిన ఆమె మొదట నాకేం తెలీదంది. ఆర్నెల్లకు ఒక పొద్దున, పూలు కొనుక్కుపోతూ మన గుమ్మం ముందు ఆగి, "వదినా, నేను కూడా చెప్తే పనికొస్తాదా?" అని అడిగింది. వైట్ టౌన్‌లో మా వకీలు ఆఫీసుకు నేనే తీసుకుపోయాను. కానీ వాళ్ళాయన ఒప్పుకోలేదు. ఇంకా ఒప్పుకోలేదు.

పోయిన నెలలో కోర్టులో నా వంతు వచ్చింది. బోనులో కుర్చీ వేయించారు. ఆయన ఎదురుగా, తెల్ల పంచెలో, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన తరఫు వకీలు చాలా మర్యాదగా మాట్లాడాడు. పాటీ, పాటీ అంటూ, అంటే అవ్వా అని, తమిళంలో మొదలుపెట్టాడు. ఎన్నేళ్ళుగా ఆయన మీ ఇంట్లో దిగుతున్నారు, ఎంతమంది వచ్చారు, ఎప్పుడైనా ఏమైనా తప్పు కనిపించిందా అని అడిగాడు. లేదన్నాను. కనిపించకూడదనే కదా తలుపు వేయించాడు అని అనబోయి, కలపొద్దన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. చివరికి అసలు చోటికి వచ్చాడు.

"ఆ అమ్మాయి పిలిస్తే మీకు వినపడింది అంటున్నారు. ఆమె మీ మనవరాలి లాంటిది. భయంతో పిలిచి ఉంటే మీరు పరిగెత్తి ఉండరా? మీరు వెళ్ళలేదు. అంటే అది మామూలు పిలుపే. అంతే కదా పాటీ?"

నాకు తప్పించుకునే దారి ఆయనే చూపిస్తున్నాడు. అవునంటే చాలు, మళ్ళీ అందరికీ మంచి అవ్వనైపోతాను. ఆ పిల్ల వెనక బెంచీలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉంది. ఆమె వైపు చూడకూడదని మా వకీలు చెప్పి పెట్టాడు. చూడలేదు.

"మామూలు పిలుపు కాదు సార్" అన్నాను. "నాకు ఆ గొంతు చిన్నప్పటినుంచి తెలుసు. అది భయపడిన గొంతని నాకు అప్పుడే తెలిసింది. అయినా పోలేదు. లోపల ఉండేది స్వామి గదా, ఆ పిల్లకే ఏదో తెలియలేదు అనుకున్నా. ఆమె గొంతు కంటే ఆయన బట్టను ఎక్కువ నమ్మినా. అందుకే పోలేదు."

ఆయన ఇంకేదో అడగబోతే, జడ్జిగారు చెయ్యెత్తి ఆపి, నేను చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు రాయించారు. రాసేవాళ్ళ కోసం ఆ చివరి మాటలు రెండోసారి చెప్పమన్నారు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టంగా ఉంది.

బయటికి వచ్చాక వరండాలో నిలబడి ఆ పిల్లను అడిగాను. రెండేళ్ళుగా అడగాలనుకున్నది. "నన్ను క్షమిస్తావా తల్లీ?"

ఆమె సంచిలోంచి నీళ్ళ సీసా తీసి నాకిచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

"అదంతా తరువాత చూద్దాం అవ్వా" అంది. "నాకు ఇప్పుడు తెలీదు. నువ్వు చెప్పింది వాళ్ళు రాసుకున్నారు గదా. ఇప్పటికి అది చాలు."

వాళ్ళమ్మ ఆటో పిలిచింది. మధ్యాహ్నం షిఫ్టుకు టైమైందని ఆ పిల్ల మాతో ఎక్కలేదు, మేట్టుపాళయం బస్సు కోసం రోడ్డు దాటింది. తీర్పు ఇంకా రాలేదు.